అడుగు కనపడని నీళ్ళు

మార్చి 2, ఆదివారం

పూల్ మోటారు ఆపేశాను. ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదని చెప్పి, నా చేత్తో నేనే ఆపాను. ఇన్నేళ్ళుగా పెరట్లో గుర్రుమంటున్న చప్పుడు ఒక్కసారిగా పోయేసరికి వంటింట్లో గడియారం కూడా వినపడింది. ఆయన టీ గ్లాసుతో బయటికొచ్చి, "మనం ఇల్లు మారామా ఏంటి?" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

పిల్ల నవ్వింది. నవంబరు పోటీల తర్వాత అది నవ్వగా చూడటం ఇదే మొదటిసారి.

డైరీ రాసే అలవాటు నాకు లేదు. స్కూల్లో ఈత కోచ్‌ని, పిల్లల టైములు రాసుకోవడం ఒక్కటే వచ్చు. ఈ సీజను సెలవు పెట్టాను, రాసుకోవడానికి టైములు లేవు, చెయ్యేమో ఊరుకోవడం లేదు. అందుకని ఇది.

పిల్ల అడిగింది ఒక్కటే. పెరట్లో ఉన్న స్విమ్మింగ్ పూల్‌ని చెరువు చేసేద్దామంది. క్లోరిన్ మందు వేయని నీళ్ళు, అంచున మొక్కలు, అందులోకి కప్పలో తూనీగలో ఏవొస్తే అవి. నెలల తరబడి గది దాటని పిల్ల, కంచంలో అన్నం కెలికి లేచిపోతున్న పిల్ల, నోరు తెరిచి ఒకటి అడిగింది. "ఏమడిగినా కాదనకండి," అని డాక్టరమ్మ ముందే చెప్పింది. కొండ మీది కోతిని తెమ్మన్నా తెచ్చేదాన్ని. అది కోతిని అడగలేదు, నా పూల్‌ని అడిగింది.

ఈ ఇల్లు కొన్నదే ఆ పూల్ కోసం. పగుళ్ళు పూడ్చి, నీలం పలకలు అతికించి, ఈ వీధిలో సగంమంది పిల్లలకి అందులోనే ఈత నేర్పాను. నా పిల్లకి నడక సరిగ్గా రాకముందే ఈత వచ్చింది. ఈత కొట్టే వాళ్ళందరూ దాన్ని చేపపిల్ల అనే పిలుస్తారు. చేపపిల్లకి ఈత నేర్పాలా అని ఎవరైనా అంటే, "నేర్పాలి, తెల్లవారకముందే లేపి మరీ నేర్పాలి," అనేదాన్ని.

ఒక్క సీజను. అంతే. దానికే విసుగు పుడుతుంది. అప్పుడు తోడేసి, కడిగి, మళ్ళీ నింపుకోవచ్చు. మోటారుకి గ్రీజు పెట్టి టార్పాలిన్ కప్పాను. తుప్పు పట్టకూడదు కదా, అందుకని.

మార్చి 3

పెద్ద కోచ్ ఫోన్ చేశారు. జూన్‌లో ఈత క్యాంపు. "చేపపిల్ల ఎలా ఉందమ్మా? కాలు పట్టేయడం తగ్గిందా?" అన్నారు. తగ్గిందన్నాను. క్యాంపుకి వస్తుందా అన్నారు. వస్తుందన్నాను.

పిల్లకి ఇంకా చెప్పలేదు. చెప్పే సందర్భం రాలేదు.

మార్చి 9, ఆదివారం

నడుం విరిగింది. ఆయన కళ్ళజోళ్ళ కొట్టు మూసేసి మరీ వచ్చారు. ముగ్గురం కలిసి సగం నీళ్ళు తోడేసి, లోతు తక్కువ వైపు ఇటుకలు పేర్చి, ఇసుక బస్తాలు వేసి, పైన గులకరాళ్ళు పోశాం. గట్టు నుంచి అడుగు దాకా ఏటవాలుగా దిగాలట. నిటారు గోడలు పనికిరావట.

"ఏ ప్రాణి దిగినా మళ్ళీ ఎక్కి రాగలగాలమ్మా. గోడలు నున్నగా ఉంటే అంచు దొరక్క, ఈదీ ఈదీ చచ్చిపోతాయి," అంది పిల్ల.

"అందుకేగా స్టీలు నిచ్చెన ఉంది."

"నిచ్చెన ఎక్కడం అందరికీ రాదు."

నాకు ఒళ్ళు మండింది. ఎందుకో తెలియదు. ఇసుక మోసిన చిరాకు కావచ్చు.

సాయంత్రం ఆయన నా చెయ్యి వాసన చూసి, "వారమైంది మందు ముట్టుకుని, ఇంకా క్లోరిన్ కొడుతున్నావోయ్," అన్నారు. పెళ్ళయిన కొత్తలోంచీ ఇదొక వేళాకోళం. నాకైతే ఏ వాసనా రాదు. ఇన్నేళ్ళు ఆ నీళ్ళలో నాని ఆ ఒక్క వాసనకి నా ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. క్లోరిన్ డ్రమ్ము మూత తీసి మొహం పెట్టినా ఏమీ అనిపించదు. స్కూల్లో పిల్లలు "టీచర్, కళ్ళు మండుతున్నాయి," అంటే వేషాలు అనుకునేదాన్ని.

మార్చి 23, ఆదివారం

నా ఆడపడుచు కలువ దుంపలూ తుంగ పిలకలూ పంపింది. ఆవిడకి ఊరి బయట నర్సరీ ఉంది. అక్కడ పాత చెరువొకటి కూడా ఉంది. "వదినా, నీ పూల్‌కి ఇన్నాళ్ళకి మోక్షం వచ్చింది," అని ఫోన్లో ఒకటే నవ్వు. నా ఇంట్లో జరిగే ప్రతిదానికీ ఆవిడకి నవ్వే.

తెల్లారేసరికి పిల్ల వచ్చి నన్ను లేపింది. అది నన్ను లేపడం! చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. తుంగ మొదట్లో జిగురుగా, నల్ల చుక్కలున్న తాడులాంటిది. కప్ప గుడ్లు. "ఎవరూ తేలేదమ్మా, వాటంతట అవే వచ్చాయి." దాని గొంతులో ఉత్సాహం విని నాకు ఏడుపొచ్చింది. మొహం కడుక్కునే వంకతో లోపలికి వచ్చేశాను.

ఈ ఉత్సాహంతో నీళ్ళలో దించితే క్యాంపు నాటికి పాత టైముకి వచ్చేస్తుంది. రాసుకోకూడదు ఇలాంటివి. రాశాను.

ఏప్రిల్ 6, ఆదివారం

నీళ్ళు పచ్చబడ్డాయి.

ఏప్రిల్ 8

ఇంకా పచ్చగా.

ఏప్రిల్ 11

ఇది నీళ్ళ రంగు కాదు. ఆకు రుబ్బి కలిపినట్టుంది. నీలం పలకలు లేవు, గీతలు లేవు, అడుగు లేదు. పిల్లని అడిగితే, "కొత్త చెరువంటే ఇంతేనమ్మా. మొక్కలు వేళ్ళూనితే పాచి తిండి అవి తినేస్తాయి. నీళ్ళు వాటంతట అవే తేరుకుంటాయి. ఆగాలి," అంది.

ఆగాలట. నాకు ఆగడం నేర్పుతోంది. నేను నేర్పిందేమో, ముందు నువ్వే గోడ తాకాలి అని.

నీళ్ళ దగ్గర నా మొదటి నియమం ఒకటే. అడుగు కనపడకపోతే ఎవర్నీ దింపకూడదు. మునిగిన వాళ్ళు కనపడరు. మిగతా నియమాలన్నీ తర్వాతే.

ఏప్రిల్ 13, ఆదివారం

పక్కింటి లాయరమ్మ వచ్చింది. కోర్టు మానేసి చాలా కాలమైనా ఆవిడ వాదన మానలేదు.

"చూడమ్మా, నీ కూతురి ఆరోగ్యం బాగుపడాలి, నేనూ కోరుకుంటున్నా. కానీ దోమలు నీ గోడ దగ్గర ఆగవు కదా. మున్సిపాలిటీకి ఓ కాయితం రాస్తే రేపీపాటికి వచ్చి పొగ కొట్టి పోతారు."

"తూనీగలు వచ్చాక దోమలు తగ్గుతాయండీ," అన్నాను, పిల్ల చెప్పిన మాటే అప్పజెప్పుతూ.

"తూనీగలు వచ్చేదాకా నేనుండాలిగా," అని వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 17, గురువారం

ఇవాళ పిల్ల దిగింది. నాకు చెప్పకుండా, గులకరాళ్ళ వైపు నుంచి, మెడ దాకా. నేను వంటింటి కిటికీలోంచి చూసేసరికి ఆ పచ్చటి నీళ్ళ మీద తల ఒక్కటే ఉంది. కింద మనిషి ఉందో లేదో తెలియదు. తల కూడా కాస్త కిందికి పోయింది.

ఈల ఊదాను. మేకుకి వేలాడుతున్న ఈల నా నోట్లోకి ఎలా వచ్చిందో తెలియదు. వీధి చివర దాకా వినపడి ఉంటుంది. ఎవరి ఇంట్లోనో కుక్క మొరిగింది.

పిల్ల బయటికొచ్చింది.

"నేను కనపడకపోతే ఏమవుతుందమ్మా?" అంది. అరవలేదు, మామూలుగానే అంది.

ఏం చెప్పాలి? కాలు పట్టేసే అలవాటున్న పిల్ల. తల్లికి భయం ఉండదా?

రాత్రి అన్నం తినలేదు.

ఏప్రిల్ 24, గురువారం

ఆయనా పిల్లా నా ఆడపడుచు ఊరికి వెళ్ళారు. ఆదివారానికి వస్తారు. ఆ పాత చెరువు నుంచి ఒక బకెట్ నీళ్ళు తేవాలట. "పాలకి తోడు వేస్తాం చూడు, అలా. ఆ నీళ్ళలో కంటికి కనపడనివి చాలా ఉంటాయి. అవి మన నీళ్ళని బాగుచేస్తాయి," అంది పిల్ల.

కారెక్కబోతూ వెనక్కి వచ్చింది. "అమ్మా, ఏమీ వేయకు. ఏమీ తీయకు. ఊరికే చూస్తూ ఉండు. కప్పపిల్లలకి వెనక కాళ్ళు వస్తున్నాయి. పొద్దున ఎండ పడినప్పుడు అంచున కనపడతాయి."

సరే అన్నాను. నా మీద నమ్మకంతో ఇల్లొదిలి వెళ్ళింది. అది చిన్న సంగతి కాదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

పొద్దున లాయరమ్మ గోడ మీద నుంచి చూసి, ఏమీ అనకుండా కిటికీలు మూసుకుంది. అనడం కంటే అదే ఎక్కువైంది.

మధ్యాహ్నం పెద్ద కోచ్ ఫోను. క్యాంపు పేర్లు ఖాయం చేస్తున్నారట. "నీ మాట మీదే పెట్టుకుంటున్నానమ్మా," అన్నారు. ఆ పచ్చటి నీళ్ళ ముందు నిలబడే మాట్లాడాను.

చారెడు మందు వేశాను. పాచి కాస్త విరుగుతుందని. ఇన్ని నీళ్ళకి చారెడు ఒక లెక్కా? స్కూల్లో పిల్లలు తాగేస్తుంటారు అంతకంటే ఎక్కువ. లాయరమ్మ కోసమే వేశాను. ఆవిడ కాయితం రాస్తే మనుషులొచ్చి పొగ కొడతారు, దాంతో పోల్చితే ఇదెంత?

సాయంత్రం చూస్తే ఏ మార్పూ లేదు. అలవాటున్న చెయ్యి కాబట్టి ఎంత వేస్తే పని చేస్తుందో చేతికే తెలుసు. ఇంకాస్త వేశాను.

మందు వేశాక నీళ్ళు కదలకపోతే ఒకచోటే పేరుకుంటుంది, అది ఇంకా ప్రమాదం. అందుకని టార్పాలిన్ తీసి మోటారు వేశాను. ఒక్క ఉదుటున అందుకుంది. గ్రీజు పెట్టి ఉంచడం ఎంత మంచిదైంది. ఆ చప్పుడు వింటూ ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోయాను.

ఏప్రిల్ 26, శనివారం

అడుగు కనపడింది. నీలం పలకలు, నల్ల గీతలు, ఓ మూల పగిలిన పలక కూడా. నేను నవ్వుకుంటూ నిలబడ్డాను. అరచేతితో నీళ్ళు తీసుకుని మొహం కడుక్కున్నాను కూడా.

ఎండ పడ్డాక అంచున చూశాను. లేవు. పిల్ల చెప్పిన చోట లేవు.

ఫిల్టరు బుట్ట తీశాను.

ఇక రాయలేను.

ఏప్రిల్ 27, ఆదివారం

అంతా రాస్తాను.

తెల్లారకముందే లేచి క్లోరిన్‌కి విరుగుడు పొడి వేశాను. అది నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. నీళ్ళలో మందు చచ్చిపోయిందని పరీక్ష చేసి మరీ చూసుకున్నాను. మోటారు ఆపి టార్పాలిన్ కప్పాను. టీ జల్లెడా ఒక గిన్నే పట్టుకుని గోడౌన్ల వెనక కాలవ దగ్గరికి పోయాను. పేరున్న కోచ్‌ని, మోకాళ్ళ దాకా మురుగులో దిగి కప్పపిల్లల్ని వడకట్టాను. దారినపోయే పాలవాడు బండి ఆపి, "ఏం పోయిందమ్మా, ఉంగరమా?" అన్నాడు. అవునన్నాను. పాపం, అతనూ దిగి కాసేపు వెతికాడు.

తెచ్చి వదిలాను. ఈదాయి. బతికాయి. సబ్బుతో స్నానం చేశాను, మళ్ళీ చేశాను. తల రుద్దుకున్నాను. బట్టలు ఉతికి ఆరేశాను. వరండా కడిగాను.

కారు ఆగింది. పిల్ల బకెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, పైన తడి గుడ్డ. నన్ను చూసి నవ్వింది. గేటు తీసి రెండడుగులు వేసి ఆగిపోయింది. నవ్వు అలాగే ఉండిపోయింది కాసేపు, తీసేయడం మర్చిపోయినట్టు.

"ఎంత వేశావమ్మా?"

"ఏంటే వేసేది?"

"అమ్మా."

"ముందు నీళ్ళు చూడవే. కప్పపిల్లలు ఎలా తిరుగుతున్నాయో చూడు."

"గేటు దాకా వాసనొస్తోంది."

నేను ఆయన వైపు చూశాను. ఆయన తల దించుకున్నారు. ఆయనకీ వస్తోందన్నమాట. బహుశా వీధి మొత్తానికీ వస్తోంది. నీళ్ళలో మందు చంపాను గానీ మోటారు గదిలో ఒలికిన పొడి, నా చేతులు, నా జుట్టు, ఆరేసిన బట్టలు. నా ఒక్కదానికే తెలియలేదు.

పిల్ల గట్టు మీద వంగి చాలాసేపు చూసింది.

"ఇవి మనవి కావు. మనవాటికి కాళ్ళొచ్చాయి."

"లాయరమ్మ దోమలని ఒకటే గొడవ. అయినా అడుగు కనపడకపోతే ఎట్లాగే? నువ్వు దిగితే? దిగినప్పుడు మళ్ళీ కాలు పట్టేస్తే?"

"నా కాలు పట్టేయలేదమ్మా."

ఆయన బకెట్ అందుకోబోయారు. అది ఇవ్వలేదు.

"పోటీలో నేనే ఆగాను. టర్న్ దగ్గర నీ ఈల వినపడింది. గోడ తన్నాలి కదా, తన్నలేదు. కిందికి పోయి కూర్చున్నా. అక్కడ ఎవరూ అరవరు కదా. కాసేపు కూర్చుని వద్దామనుకున్నా. అక్కడికీ నువ్వు లెక్కపెట్టడం వినపడుతున్నట్టే ఉంది."

నవంబరు నుంచి లోపల దాచుకున్న మాట బయటికొచ్చింది. "చచ్చిపోదామనుకున్నావా?"

"అలా అనుకోలేదు. పైకి రావాలనీ అనుకోలేదు." అది నా కళ్ళలోకి చూస్తూనే చెప్పింది. "ఇంట్లో ఒక్క చోటైనా నువ్వు ఏమీ చేయకుండా వదిలేస్తావేమోనని అడిగాను. ఒక్క చోటు."

దగ్గరికి తీసుకోబోయాను. వెనక్కి జరిగింది. వాసనకే జరిగిందో, నాకే జరిగిందో.

"నాన్నా, నన్ను అత్త దగ్గర దించి రా. ఈ బకెట్లో ప్రాణాలున్నాయి. ఇక్కడ పెట్టి వెళ్ళలేను."

వచ్చిన కారులోనే వెళ్ళిపోయింది. బకెట్ ఒళ్ళోనే.

ఏప్రిల్ 28

కాలు పట్టేయలేదు.

ఏప్రిల్ 30, బుధవారం

నాకు తెలుసు. అప్పుడే తెలుసు.

నవంబరు పోటీల్లో నేను గ్యాలరీలో ముందు వరసలో ఉన్నాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అందరి కంటే ముందు నేనే చూశాను. కాలు పట్టేసిన వాళ్ళు కొట్టుకుంటారు. నా పిల్ల కొట్టుకోలేదు. మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని, వరండాలో వాన చూస్తూ కూర్చున్నట్టు కూర్చుంది.

అప్పుడు నేను మొదట చేసిన పని, చేతిలో వాచీ చూడటం. టైము పోతోందే అనుకున్నాను. ఆ తర్వాతే లేచాను. ఈలోగా లైఫ్‌గార్డు దూకాడు.

అడుగు కనపడితే చాలు, పిల్లలు క్షేమం అంటాను కదా. అంత బాగా కనపడింది. కనపడి నేనేం చేశాను?

పెద్ద కోచ్‌కి ఫోన్ చేశాను. రాదండీ అన్నాను. ఈ ఏడాదా అన్నారు. అసలు రాదండీ, నేనే అబద్ధం చెప్పాను, కాలు పట్టేయడం కూడా అబద్ధం అన్నాను. ఆయన, "పిల్ల జాగ్రత్తమ్మా," అన్నారు. ఆ మాటకి ఏడ్చాను, వంటింట్లో నేల మీద కూర్చుని, ముక్కు చీదుకుంటూ.

మే 1

స్కూల్లో సెలవు పొడిగించాను. మోటారు విప్పించి పాత ఇనుము వాడికి ఇచ్చేశాను. డ్రమ్ము ఉంది. మూత బిగించి ఉంది, ఉండనీ.

మే 6

నీళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి. ఇవాళ ఏమీ వేయలేదు.

మే 7

ఏమీ వేయలేదు.

మే 10

ఆయన నర్సరీకి వెళ్ళొచ్చారు. అక్కడ బాగా తింటోందట. నా ఆడపడుచు వండితే తింటుంది. తిననీ. కుళ్ళు లేదు. కొంచెం ఉంది.

ఏమీ వేయలేదు.

మే 18, ఆదివారం

లాయరమ్మ ఇంటికి వెళ్ళి తలుపు కొట్టాను. "ఏమండీ, ఒక్కసారి నన్ను వాసన చూస్తారా?" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "వాదనలు చాలా విన్నాను గానీ ఇలాంటి విన్నపం మాత్రం ఇదే మొదలు," అంది. కూర్చోబెట్టి, మొత్తం చెప్పించుకుంది. ఆవిడకి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఆవిడ ముందు ఎవరూ చెప్పలేరు కూడా. చివరికి నా మణికట్టు దగ్గర ముక్కు పెట్టింది.

"ఉంది. తగ్గింది గానీ ఉంది."

"మీ దోమలో?"

"దోమతెర కొనుక్కున్నాలే. వారం వారం రా, చూసి చెబుతా."

జూన్ 2

ఇవాళ క్యాంపు మొదలు. ఉదయమంతా చేతులు ఏం చేయాలో తెలియలేదు. గట్టు మీద వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఏమీ వేయలేదు.

జూన్ 15, ఆదివారం

వాన. పచ్చదనం చిక్కబడ్డట్టుంది. కలువ ఆకు ఒకటి విప్పుకుంది. కాలవ నుంచి తెచ్చిన పిల్లల్లో కొన్నింటికి కాళ్ళొచ్చాయి. గోరంత కప్ప ఒకటి గులకరాళ్ళ మీదుగా ఎక్కి వచ్చింది. నిచ్చెన పక్కనే ఉంది, దాని వైపు కూడా చూడలేదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.

జూన్ 29

సాయంత్రం ఆయన పిల్లతో ఫోన్లో మాట్లాడుతున్నారు. నాతో మాట్లాడదు, నేనూ అడగను. అప్పుడే కప్పలు అందుకున్నాయి. ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని చెరువు వైపు చాపి పట్టుకున్నాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా అలాగే పట్టుకున్నాను. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అవతల నుంచి పెట్టేయలేదు.

జూలై 8

నీళ్ళు తేరుకున్నాయి. నేను ఏమీ చేయలేదు. నీలం కాదు, పలచటి టీ రంగు. పైన జానెడు మేర కనపడుతుంది. అడుగు కనపడదు. పలకల మీద ఒండ్రు పేరుకుంది. తూనీగలు వచ్చాయి. లాయరమ్మ గోడ మీద నుంచి చూసి, "ఇవేనా సాక్షులు?" అంది.

జూలై 19, శనివారం

మోటారు గదిలో చీపురు కోసం తలుపు తీశాను. వెనక్కి పడబోయాను. గొంతు పట్టుకుంది, కళ్ళ వెంట నీళ్ళు. గ్యాసు లీకైందేమోనని ఆయన్ని కేకేశాను.

ఆయన వచ్చి లోపలికి చూసి, నా మొహం చూసి, "అది డ్రమ్మోయ్," అన్నారు మెల్లగా. "ఎప్పుడూ ఉండే వాసనే."

ఎప్పుడూ ఉండేదే! ఇంత ఘాటుగా! ఈ వాసనలోనే దాన్ని తెల్లవారకముందే లేపి దించాను. కళ్ళు మండుతున్నాయంటే వేషాలన్నాను. ఈ చేతులతోనే అన్నం కలిపి పెట్టాను.

డ్రమ్ముని సాయంత్రానికి స్కూలుకి పంపేశాను. తర్వాత నేనే ఫోన్ చేశాను. అదే ఎత్తింది.

"వాసన తెలిసిందే నాకు," అన్నాను. ఇంకేదో చెప్పాలనుకున్నాను, క్షమించమనో ఏదో.

"ఇప్పుడు ఏ రంగులో ఉన్నాయి?" అంది.

"టీ రంగు."

"అడుగు?"

"కనపడదు."

"వస్తా," అంది.

ఆగస్టు 3, ఆదివారం

వచ్చింది. బకెట్ ఒళ్ళో పెట్టుకునే వచ్చింది, పైన తడి గుడ్డ. గేటు దగ్గర ఆగింది. నేను గుమ్మంలో నిలబడి ఊపిరి పీల్చడం కూడా మానేశాను. స్నానం ఒక్కసారే చేశాను, మామూలుగా. అది ముక్కెగరేసి చూసింది, చిన్నప్పుడు వంటింట్లోకి వచ్చినప్పుడు చూసినట్టు.

"బురద వాసన," అని లోపలికి వచ్చింది.

బకెట్ నీళ్ళు అంచు నుంచి నెమ్మదిగా ఒంపింది. తర్వాత నన్ను అడగలేదు. నా వైపు చూడలేదు. గులకరాళ్ళ మీదుగా దిగింది, మోకాళ్ళ దాకా, నడుం దాకా, మెడ దాకా. మునిగింది.

పైన ఏమీ లేదు. తుంగ కదిలి ఆగిపోయింది. నీళ్ళ మీద ఒక తూనీగ అటూ ఇటూ తిరుగుతోంది.

నా చెయ్యి మెడ దగ్గరికి పోయింది. ఈల లేదు, మోటారుతో పాటే ఇచ్చేశాను. కాళ్ళు లేచాయి. ఒకటి, రెండు, మూడు అని నాలుక మీద మొదలైంది. అడుగున ఉన్నా దానికి నా లెక్క వినపడుతుందన్నది గుర్తొచ్చింది. గట్టు అంచుని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. లెక్క ఆపాను. ఆపడం ఎంత కష్టమో ఎవరికి చెప్పను? లోపల ఒక్కొక్కటీ వచ్చి వచ్చి పోతోంది, నేను అందుకోలేదు. దేవుడా అనుకున్నాను. నా పిల్ల అనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు.

తుంగ అవతల తల లేచింది. నెత్తి మీద ఒండ్రు, చెవికి నాచు. చేతి నిండా బురద పట్టుకుని నాకు చూపించింది.

"అమ్మా, అడుగు మెత్తగా ఉంది!"

భోజనాల దగ్గర ఆయన అన్నారు. "లోపల ఎంతసేపు ఉందోయ్? చాలాసేపే అనిపించింది నాకైతే."

"తెలియదండీ," అన్నాను. "చూడలేదు."

పిల్ల తలెత్తి నా వైపు చూసింది. తర్వాత కంచం ముందుకు జరిపి ఇంకొంచెం అన్నం పెట్టమంది.